లగేజీ మర్చిపోయాం

శవం బోర్లా పడి ఉంది.

ఉదయం ఐదూ నలభైకి వల లాగడానికి వచ్చినవాళ్ళు చూశారు. ముందు ఏదో మూట కొట్టుకొచ్చిందనుకున్నారు. దగ్గరికెళ్ళాక మూటకి కాళ్ళు కనిపించాయి. స్టేషన్‌కి ఫోన్ చేశారు.

ఆరున్నరకి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నలభై అయిదేళ్ళ మనిషి. నడక నెమ్మది, మాట నెమ్మది, భోజనం మరీ నెమ్మది. డిపార్ట్‌మెంట్‌లో ఆవిడకి 'నత్త' అని పేరు. ఎదురుగా ఎవరూ అనరు. చాటున అననివాళ్ళు లేరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుంది. మగ మనిషి. నలభై లోపు. బట్టతల. పొట్టి చేతుల చొక్కా. కాళ్ళకి చెప్పుల్లేవు.

ఆవిడ మొహం చూడలేదు. చేతులు చూసింది. చాలాసేపు చూసింది.

"ఏంటి మేడమ్?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్. ఆయనకి ఆగడం తెలియదు. ఇద్దరినీ ఒకే జీపులో పడేసిన అధికారికి హాస్యం ఎక్కువ.

"తుప్పు."

రెండు అరచేతులూ అడ్డదిడ్డంగా కోసుకుపోయి ఉన్నాయి. గోళ్ళు విరిగాయి. విరిగిన గోళ్ళ కింద ఎర్రగా తుప్పు ఇరుక్కుంది. సముద్రం రాత్రంతా కడిగినా పోలేదు.

చొక్కా జేబుకి బొత్తాం పెట్టి ఉంది. ఇన్‌స్పెక్టర్ విప్పింది. లోపల చిన్న పచ్చరాయి దుద్దు. ఒక్కటే.

"ఆడవాళ్ళది మేడమ్. దొంగా వీడు?"

"జేబులో వేసుకున్నాడు. పడిపోకుండా బొత్తాం పెట్టాడు. ఎవరికో జాగ్రత్తగా ఇవ్వాలనుకున్నట్టుంది." దుద్దుని కవర్లో వేసింది. "ఈ సంగతి ఎవరితోనూ అనకు."

"నేనెవరితో అంటాను మేడమ్?"

"అందరితోనూ."

ఆ తీరంలో వేసవి అంటే ఒకటే పని. పడవెక్కి ఇసుక దిబ్బకి వెళ్ళడం. ఒడ్డు నుంచి ఇరవై నిమిషాలు. పగలు పోటు తగ్గగానే సముద్రం మధ్యలో తెల్లటి ఇసుక తేలుతుంది. సాయంత్రం పోటు ఎక్కగానే మునుగుతుంది. ఈ మధ్యలో జనం వెళ్ళి, గెంతి, తిని, ఎండకి ఎర్రబడి తిరిగొస్తారు. దిబ్బ చివర ఎప్పుడో ఇసుకలో దిగబడిన పాత సరుకు పడవ, ఇనప బార్జి, ఒకటి ఉంది. మొత్తం తుప్పు. అందరూ దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు. ఆ చుట్టుపక్కల అంత తుప్పు ఇంకెక్కడా లేదు.

ఎనిమిదింటికి పడవ నడిపే సరంగుని స్టేషన్‌కి పట్టుకొచ్చారు. అప్పటికే జెట్టీ దగ్గర జనం అతని పడవ అద్దాలు పగలగొట్టారు. మనిషిని సముద్రంలో వదిలేసి వచ్చాడని కబురు పాకిపోయింది. చొక్కా చిరిగింది. పెదవి చిట్లింది.

"నిన్న ఆఖరి పడవ ఎన్నింటికి?"

"ఐదింటికమ్మా."

"దిబ్బ మీద ఎవర్నైనా వదిలేశావా?"

"లేదమ్మా. నా పిల్లల మీద ఒట్టు. మేకులన్నీ ఖాళీ."

"ఏం మేకులు?"

సరంగు చేతులు ఊపుతూ చెప్పాడు. తడి పడవలో చెప్పులతో ఎక్కితే జారి పడతారు. అందుకని జెట్టీ మీదే విప్పించేస్తాడు. అక్కడ గోడకి పెద్ద చెక్క పలక. పలక నిండా మేకులు. ఒక్కో జతనీ తాడుతో కట్టి ఒక్కో మేకుకి తగిలిస్తాడు. తిరిగొచ్చినవాళ్ళు ఎవరి జత వాళ్ళు తీసుకుపోతారు.

"ఆఖరి పడవ ఒడ్డుకి చేరాక మేకు మీద జత మిగిలిందంటే, దిబ్బ మీద మనిషి మిగిలినట్టమ్మా. వెంటనే వెనక్కెళ్తా. ఏడాదికి నలుగురైదుగురు దొరుకుతారు. నిద్రపోయినవాళ్ళు, అలిగి కూర్చున్నవాళ్ళు."

"తలలు లెక్కపెట్టవా?"

"ఒకడు పొద్దున వెళ్ళి గంటకే వస్తాడు. ఒకడు మధ్యాహ్నం వెళ్ళి చీకటిదాకా రాడు. తలలు ఎక్కడ తేలతాయమ్మా? చెప్పులైతే తేలతాయి. పదకొండేళ్ళుగా ఒక్కర్నీ పోగొట్టలేదు."

"నిన్న ఒకర్ని పోగొట్టావు."

సరంగు చిట్లిన పెదవి తుడుచుకున్నాడు. "ఒక్క జత కూడా లేదమ్మా. చూసుకునే ఇంటికెళ్ళా. కడుపు నిండా తిన్నా. హాయిగా పడుకున్నా."

అతన్ని లాకప్‌లో పెట్టారు. కేసు నిలబడితే లైసెన్సు పోతుంది. ఏళ్ళ తరబడి జైలు. అదంతా వివరంగా హెడ్ అతనికి చెప్పాడు. చెప్పమని ఎవరూ అడగలేదు.

ఈలోగా ఒక ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మా మనిషి రాత్రి రాలేదని.

అద్దె ఇల్లు జెట్టీకి ముప్పావుగంట దూరం. వేసవిలో వారానికింతని ఇచ్చే ఇళ్ళలో ఒకటి. వరండా నిండా ఇసుక. తాడు మీద తడి తువ్వాళ్ళు. టేబుల్ మీద సగం కోసిన పుచ్చకాయ, దాని చుట్టూ ఈగలు.

ఇంట్లో నలుగురు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. వాళ్ళ తమ్ముడు. అక్క మొగుడు, అంటే ఇంటికి పెద్దల్లుడు. చిన్నల్లుడు మార్చురీలో ఉన్నాడు.

చనిపోయినవాడి భార్య సోఫా మూల కూర్చుంది. కాళ్ళు పైకి ముడుచుకుంది. దుప్పటి కప్పుకుంది. ఏడవడం లేదు. చెవులు బోసిగా ఉన్నాయి.

"లేవలేకపోతోంది మేడమ్. షాక్" అంది అక్క. "పొద్దున్నుంచి కాళ్ళు చల్లబడిపోయాయంటోంది. సాక్సులు వేసుక్కూర్చుంది, చూడండి."

దుప్పటి అంచున తెల్ల మేజోళ్ళు కనిపించాయి. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎవరి దుఃఖం ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు?

"నిన్న ఏం జరిగింది?"

పెద్దల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఆ ఇంట్లో ముందు మాట్లాడే హక్కు ఆయనది. "పదకొండింటికి జెట్టీకి వెళ్ళాం. ఐదుగురం. సాయంత్రం ఆఖరి పడవలో వచ్చేశాం. ఐదుగురమూ. జెట్టీ దిగాక మా తోడల్లుడికీ నాకూ చిన్న మాట పట్టింపు. అలిగి ఒడ్డెంట నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తర్వాత ఈతకి దిగాడేమో మరి."

"ఈత వచ్చా?"

"రాదు" అన్నాడు తమ్ముడు.

పెద్దల్లుడు బావమరిదిని కళ్ళతోనే నమిలేశాడు. "కోపంలో ఉన్నాడు కదండీ. కోపంలో మనిషికి ఒళ్ళు తెలుస్తుందా?"

"ఆయనకి కోపం ఎక్కువా?"

అక్కా తమ్ముడూ మొహాలు చూసుకున్నారు.

"ఆయనకి కోపమే రాదు" అంది భార్య. అది ఆవిడ మొదటి మాట.

"ఆయన ఫోన్?"

"నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఇసుక పోతుందని అందరివీ అందులోనే పెట్టాం" అంది అక్క.

"ఆయన ఫోటో ఉందా? నిన్నటిది."

అక్క తన ఫోన్ తీసి ఇచ్చింది. జెట్టీకి వెళ్ళే దారిలో తీసిన ఫోటో. వ్యాన్ డ్రైవర్ తీశాడట. అందరూ పళ్ళికిలించి నవ్వుతున్నారు. చనిపోయిన మనిషి మెడలో రెండు సంచులు, చంకలో చాప, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నీళ్ళ డబ్బా. బట్టతల ఎండకి మెరుస్తోంది. అతనూ నవ్వుతున్నాడు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నాడు.

"సామానంతా ఆయనే మోస్తున్నాడు."

"మా మరిదిగారికి అలవాటేనండీ. మేం సరదాగా..." అక్క ఆగిపోయింది.

"సరదాగా?"

"లగేజీ బావ అంటాం" అన్నాడు తమ్ముడు. అలవాటుగా నవ్వొచ్చింది. మధ్యలో మింగేశాడు. "ఏ పని చెప్పినా ఏదోటి తగలేస్తాడు మేడమ్. పాలు తెమ్మంటే పెరుగు తెస్తాడు. టికెట్లు రేపటికి తీయమంటే ఎల్లుండికి తీస్తాడు. చిన్నక్కే అంటుంది, ఈయనకి ఒక్క పనీ సరిగ్గా చేతకాదని. అది అనగానే ఇంక మేమంతా..."

"నవ్వుతారు."

"ఆయనా నవ్వేవాడు మేడమ్!"

ఇన్‌స్పెక్టర్ ఆ ఫోటోని తన ఫోన్‌కి పంపించుకుంది. తర్వాత తీరిగ్గా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ మనిషి గోళ్ళ కింద తుప్పు ఉంది. అరచేతులు చీలికలయ్యాయి. నీళ్ళు పైకొస్తుంటే దిబ్బ చివర బార్జి మీదికి ఎక్కడానికి చూశాడు. ఎక్కాడు. జారాడు. మళ్ళీ ఎక్కాడు. ఎన్నిసార్లో నాకు తెలీదు. చీకట్లో, ఒక్కడే. ఆయన మీతో పడవలో రాలేదు. ఇప్పుడు చెప్పండి. నిన్న ఏం జరిగింది?"

తమ్ముడు ముందు విరిగాడు.

"సరదాకి మేడమ్! ఊరికే ఏడిపిద్దామని!"

"నోర్ముయ్" అన్నాడు పెద్దల్లుడు.

"మీరు ముయ్యండి" అంది ఇన్‌స్పెక్టర్, గొంతు పెంచకుండానే. "నువ్వు చెప్పు బాబూ. ఎవరి ఐడియా?"

"గుర్తులేదు మేడమ్. మాటల్లో వచ్చింది. మొన్న పడవ వేళలు అడగడానికి వెళ్ళినప్పుడు సరంగు మేకుల సంగతి అందరికీ చెప్పాడు కదా. చెప్పులు మిగిలితే వెనక్కెళ్తానని. అయితే బావని వదిలేసి వద్దాం, సరంగు ఎలాగూ తెచ్చేస్తాడు అనుకున్నాం. అప్పటికి మేం వ్యాన్‌లో వెళ్ళిపోతాం. ఫోన్ లేదు, డబ్బుల్లేవు. బావ ఎవర్నో బతిమాలుకుని, బస్సులో పడుతూ లేస్తూ వస్తాడు. అంతే మేడమ్. అంతే."

"ఆయన్ని పడవెక్కకుండా ఎలా ఆపారు?"

"చిన్నక్క దుద్దు పోయిందని చెప్పింది. బార్జి అవతల పడిందని వెతకడానికి పంపించింది. పడవ హారన్ కొట్టగానే మేం ఎక్కేశాం. కాస్త దూరం పోయాక పరుగెత్తుకొచ్చాడు."

"మీరు చూశారా?"

"చూశాం."

"ఆయన ఏం చేశాడు?"

తమ్ముడు కుడిచెయ్యి పైకెత్తాడు. పిడికిలి బిగించి ఊపాడు. "ఇలా. ఏదో అరిచాడు. ఇంజన్ మోతలో వినపడలేదు. లగేజీ బావకి మొదటిసారి కోపమొచ్చిందిరోయ్ అని..."

"అని?"

"టాటా చెప్పాం మేడమ్."

ఇన్‌స్పెక్టర్ పుచ్చకాయ మీది ఈగల్ని చేత్తో తోలింది.

"వ్యాన్‌లో?"

అక్క మొహం కప్పుకుంది. తమ్ముడే చెప్పాడు. "లగేజీ మర్చిపోయాం, లగేజీ మర్చిపోయాం అని పాడుకుంటూ వచ్చాం."

"రాత్రి రాలేదుగా. కంగారు పుట్టలేదా?"

"అలిగి ఎక్కడో కూర్చున్నాడనుకున్నాం. గేటుకి తాళం వేసి పడుకున్నాం. వచ్చి తలుపు కొడితే గంటసేపు తీయకూడదని పందెం..."

ఇన్‌స్పెక్టర్ కళ్ళు మూసుకుని తెరిచింది. ఇరవై ఏళ్ళుగా దొంగల్నీ హంతకుల్నీ చూసింది. వాళ్ళలో చాలామందికి చేసిన పని చెప్పడానికి కాస్తో కూస్తో సిగ్గుండేది.

పెద్దల్లుడు లేచి నిలబడ్డాడు. "సరదా సరదాయే మేడమ్. చంపాలని ఎవరనుకుంటారు? చెప్పులు మేకు మీద ఉన్నాయి. చూసుకోవాల్సింది ఆ సరంగు. తాగి పడుకునుంటాడు. వాడి మీద కేసు పెట్టండి. వాడికి శిక్ష పడేదాకా నేను వదలను."

"మంచిది" అంది ఇన్‌స్పెక్టర్. "మీరు ఊరు దాటకండి."

జీపులో హెడ్ ఆగలేదు. "తేలిపోయింది మేడమ్. తప్పు సరంగుదే. మేకు మీద చెప్పులు చూడలేదు."

"చూడకపోతే అవి మేకు మీదే ఉండాలి. ఏవి?"

"దాచేసుంటాడు."

"మనిషిని మర్చిపోయినవాడు చెప్పుల్ని గుర్తుపెట్టుకుని దాస్తాడా?"

హెడ్ నోరు తెరిచి మూశాడు. అలా జరగడం అరుదు.

లాకప్‌లో సరంగు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టర్ ఊచల ముందు స్టూల్ వేయించుకుంది.

"ఎవరైనా రెండు జతలు తీసుకెళ్ళొచ్చా?"

"కుదరదమ్మా. పోయినేడాది చెప్పుల దొంగతనం జరిగింది. అప్పట్నుంచి ఆఖరి జత వెళ్ళేదాకా పలక పక్కనే నిలబడతా. ఒక మనిషి, ఒక జత. రెండు పట్టుకుంటే అడిగేస్తా."

"ఎవరివి వాళ్ళే తీసుకుంటున్నారా అని చూస్తావా?"

"అదెలా తెలుస్తుందమ్మా? ఎవరివి ఎవరివో నాకేం గుర్తుంటుంది?"

"పొద్దున ఎక్కేటప్పుడు అసలు చెప్పుల్లేకుండా వచ్చినవాళ్ళుంటే?"

సరంగు ఆలోచించాడు. "విప్పి ఇచ్చినవాళ్ళవి తీసుకుని తగిలిస్తా. ఇవ్వనివాళ్ళ కాళ్ళ వంక ఎందుకు చూస్తానమ్మా?" అని, తను అన్న మాట తనకే చెవిన పడ్డట్టు తలెత్తాడు.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసింది. ఫోటో పెద్దది చేసింది. ఇందాక మొహాలు చూసింది. ఇప్పుడు కాళ్ళు చూసింది. చాలాసేపు చూసింది.

మర్నాడు పదకొండింటికి జెట్టీకి వెళ్ళింది. వ్యాన్లు ఆగే చోట బూట్లు విప్పి హెడ్ చేతికిచ్చింది.

"మేడమ్, ఏంటిది?"

"నడక."

వ్యాన్ల దగ్గర్నుంచి జెట్టీ దాకా తారు రోడ్డు. తారు మెత్తబడి మెరుస్తోంది. దాటితే ఇనప రేకుల వంతెన. ఇన్‌స్పెక్టర్ తారు మీద పది అడుగులు వేసింది. రేకు మీద ఒక్క కాలు పెట్టి ఎగిరి వెనక్కి గెంతింది. జీవితంలో ఆవిడ అంత వేగంగా కదలడం హెడ్ ఎన్నడూ చూడలేదు. నవ్వు ఆపుకోవడానికి బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత వేరే పడవలో దిబ్బకి వెళ్ళారు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఆవిడ ఈ చివర నుంచి ఆ చివర బార్జి దాకా చెప్పుల్లేకుండా నడిచింది. ఇసుక తడిగా, చల్లగా ఉంది. పాదం కింద నీళ్ళు ఊరుతున్నాయి.

బార్జి గోడ మీద, మనిషి చేతికందే ఎత్తున, తుప్పు పెచ్చులు కొత్తగా ఊడిన గీతలున్నాయి. కిందనుంచి పైకి. పక్కపక్కనే, చాలా. హెడ్ వాటిని చూసి ఆ రోజంతా ఇంక మాట్లాడలేదు.

సాయంత్రం ఆరింటికి అందరినీ అద్దె ఇంటి హాల్లో కూర్చోబెట్టింది. సరంగుని కూడా తెచ్చింది. చేతులకి బేడీలున్నాయి. అతను గుమ్మం పక్కన నిలబడ్డాడు. లేడీ కానిస్టేబుల్ సోఫా పక్కన నిలబడింది.

"వీణ్ణెందుకు తెచ్చారు మా ఇంట్లోకి?" అన్నాడు పెద్దల్లుడు.

"బేడీలు మార్చాలి. అందుకు."

పెద్దల్లుడికి అర్థం కాలేదు. భార్య మాత్రం దుప్పటి కాస్త పైకి లాక్కుంది. ఈ రోజూ అదే మూల. అవే మేజోళ్ళు.

"మీరంతా ఆయన్ని వదిలేసి వచ్చారు" అంది ఇన్‌స్పెక్టర్. "అది మీ సరదా. మీలో ముగ్గురికి ఒక ధీమా ఉంది. మేకు మీద చెప్పులున్నాయని. కానీ పడవ ఒడ్డు చేరిన కాసేపటికి ఆ మేకు ఖాళీ అయింది. మీలో ఒకరు ఆ జత తీసేశారు."

"రెండు జతలెలా తీస్తారు మేడమ్? వాడు అక్కడే నిలబడ్డాడు" అన్నాడు తమ్ముడు.

"రెండు తియ్యలేదు. ఒకటే. తన జత అక్కడ లేని మనిషి తీసింది." సోఫా వైపు తిరిగింది. "సాక్సులు తియ్యండమ్మా."

భార్య కదల్లేదు.

"చెల్లీ?" అంది అక్క.

లేడీ కానిస్టేబుల్ వంగి మేజోళ్ళు లాగింది. రెండు అరికాళ్ళూ బొబ్బలెక్కి ఉన్నాయి. కొన్ని చిట్లి, రసి కారి, మేజోటి దారాలు అంటుకున్నాయి.

"దిబ్బ మీద ఇసుక కాలింది" అంది భార్య. గొంతు మామూలుగానే ఉంది.

"నేను ఇవాళ నడిచాను. చల్లటి ఇసుక. మీ అక్కగారూ, తమ్ముడూ నిన్న నా ముందు ఉత్తికాళ్ళతోనే తిరిగారు. శుభ్రంగా నడుస్తున్నారు. కాలేది జెట్టీకి వెళ్ళే దారి. అక్కడ అందరికీ చెప్పులున్నాయి. మీకు తప్ప."

ఫోన్ తీసి అక్క చేతిలో పెట్టింది. "కింద చూడండి. మొహాలు కాదు. మీ చెల్లెలి కాళ్ళ కింద ఏముంది?"

అక్క వేళ్ళతో పెద్దది చేసింది. తెల్లటి గుడ్డ టోపీ. దాని మీద చెల్లెలి పాదాలు రెండూ ఇరుక్కుని ఉన్నాయి.

"మరిదిగారి టోపీ" అంది. ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. "చెప్పులు వ్యాన్‌లో మర్చిపోయానంది. కాళ్ళు కాలి గెంతుతోంది. వెనక్కెళ్ళి తెస్తానన్నారు మరిదిగారు. వద్దంది. పోనీ నావి వేసుకో అన్నారు. అదీ వద్దంది. అప్పుడు నెత్తిమీద టోపీ తీసి దీని కాళ్ళ కింద వేశారు. రెండడుగులకోసారి తీసి మళ్ళీ ముందుకు వేస్తూ..."

"అప్పుడు మీరేం చేశారు?"

అక్క తలొంచుకుంది. వాళ్ళేం చేశారో ఫోటోలోనే ఉంది.

"ఆయన చెప్పులు ఈవిడ వేసుకుంటే, మేకు మీద ఆయన జత లేదని మీ ముగ్గురికీ తెలిసిపోయేది; ఆయన్ని వదిలి వచ్చేవాళ్ళు కాదు. ఆయన జత మేకు మీద ఉండాలి. ఈవిడ జత ఉండకూడదు. దానికోసం అరికాళ్ళు కాల్చుకుంది. సాయంత్రం ఒక మనిషి, ఒక జత. అందరిలాగే ఒక జత తీసుకుంది. చేతిలో పట్టుకుని నడిచింది. వెళ్ళేటప్పుడు కాలిన కాళ్ళ మీద మళ్ళీ అదే దారిన."

"చేతిలో పట్టుకునే వచ్చావు కదక్కా" అన్నాడు తమ్ముడు. "దారిలో కాలవ వంతెన మీద వ్యాన్ ఆపమన్నావు. వాంతి వస్తోందని. ఒక్కదానివే దిగావు. నేను నీళ్ళు తెస్తానంటే వద్దన్నావు."



"కాలవలో పడేశాను" అంది భార్య.

పెద్దల్లుడు సోఫాకి దూరంగా జరిగాడు. "నువ్వా? ఎందుకు? మంచివాడు కదమ్మా. పల్లెత్తు మాట అనేవాడు కాదు."

"మీరు మాట్లాడకండి బావగారూ." ఆవిడ మొదటిసారి తలెత్తి అందరినీ చూసింది. "ఆరేళ్ళు. తిండి దగ్గర నవ్వారు. పెళ్ళిళ్ళలో నవ్వారు. నన్ను చూస్తే జనానికి ముందు ఆయన గుర్తొస్తాడు, ఆ తర్వాత నవ్వొస్తుంది. అదిగో లగేజీ పెళ్ళాం అంటారు. నేను వినలేదనుకున్నారా? నలుగురిలో పరువు దక్కాలని నేనే ముందు అనేదాన్ని, ఈయనకి ఒక్క పనీ చేతకాదని. మీరు నవ్వేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఒక్కసారి, ఒక్కరి మీద చెయ్యెత్తితే బతికేవాడు."

"విడిపోవచ్చు కదా" అంది అక్క ఏడుస్తూ.

"విడిపోతే మీరు దానికీ నవ్వేవాళ్ళు."

 అది నిజమని అక్కకి తెలుసు.

"ఇంతమందిమీ వదిలేసి వచ్చాం" అంది భార్య. "నేను చేసిందల్లా ఒక జత చెప్పులు తీయడం. పడవలోంచి చూశాను. పిడికిలెత్తాడు. చచ్చే ముందైనా కోపమొచ్చింది, మనిషిలా పోతున్నాడు అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ హెడ్ వైపు చూసింది. హెడ్ సరంగు చేతుల బేడీలు విప్పాడు. సరంగు మణికట్లు రుద్దుకున్నాడు. వెళ్ళమన్నా వెళ్ళలేదు. "ఆమె కాళ్ళ వంక ఒక్కసారి చూసుంటే..." అని గొణుక్కుంటూ అక్కడే నిలబడిపోయాడు. అతనికి కేసు పోయింది. ఆ మాట మాత్రం పోయేలా లేదు.

"ఆయనకి కోపం రాలేదమ్మా" అంది ఇన్‌స్పెక్టర్.

జేబులోంచి కవర్ తీసింది. నెమ్మదిగా విప్పింది. పచ్చరాయి దుద్దు టేబుల్ మీద పెట్టింది. దీపం వెలుగుకి రాయి మెరిసింది.

"ఇది మీదేనా?"

భార్య దాని వంక చూసింది. చెయ్యి దానంతటదే బోసి చెవి మీదికి వెళ్ళింది. "నాదే. ఉత్తినే పోయిందంటే ఆయన నమ్మడని నిజంగానే ఇసుకలో విసిరేశాను. రెండోది తీసి సంచిలో వేశాను. ఇది మీకెక్కడిది?"

"ఆయన చొక్కా జేబులో ఉంది. బొత్తాం పెట్టి ఉంది. పడవ కదిలేసరికి ఆయన చేతిలో ఉంది. ఆ పిడికిలి మిమ్మల్ని తిట్టడానికి ఎత్తలేదు. దొరికిందని చూపించాడు. మీరు పడవ ఆపి వెనక్కొస్తారనే అనుకునుంటాడు. ఆ తర్వాత నీళ్ళొచ్చాయి. బార్జి ఎక్కడానికి రెండు చేతులూ కావాలి. అందుకని జేబులో వేసి బొత్తాం పెట్టుకున్నాడు."

తమ్ముడు గబుక్కున లేచి బయటికి పరుగెత్తాడు. వరండాలో వాంతి చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

భార్య దుద్దుని వేలి కొనతో అటూ ఇటూ తిప్పి చూసింది. అంత ఇసుకలో, అంత చిన్న రాయి. ఆవిడ మొహంలో ఉన్నది బాధ కాదు. ఆశ్చర్యం.

"దొరికిందా?" అంది. "ఒక్క పనీ సరిగ్గా చేతకాదనుకున్నాను."

ఈసారి ఆ మాటకి ఎవరూ నవ్వలేదు.